నడుస్తున్న ప్రోగ్రామ్‌కి తన ఎగ్జిక్యూటబుల్ ఫైల్ మారిందని ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. లినక్స్ సర్వర్ మీద నెలల తరబడి ఆగకుండా నడిచే ఒక డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) ఉంది, ప్యాకేజ్ అప్‌డేట్ వచ్చినప్పుడు డిస్క్ మీద బైనరీ మారిపోతుంది కానీ ప్రాసెస్ మాత్రం పాతదే నడుస్తూ ఉంటుంది. దీన్ని పట్టుకోడానికి మీరు స్టార్ట్ అవ్వగానే ఫైల్ మాడిఫికేషన్ టైమ్ గుర్తుపెట్టుకుని, నిమిషానికోసారి మళ్ళీ చూసి, కొత్త టైమ్ పాతదానికన్నా ఎక్కువ ఉంటే ఎగ్జిట్ అయిపోతున్నారు, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మళ్ళీ లేపుతోంది. కొన్ని అప్‌డేట్లు దొరకట్లేదు, కొన్నిసార్లు ఏమీ మారకుండానే రీస్టార్ట్ అవుతోంది. సరైన పద్ధతేంటి, విండోస్‌లో కూడా ఇలాగే చేయొచ్చా అని అడిగారు.

చేయొచ్చండీ, కానీ ముందు ఒక విషయం తేల్చుకోవాలి. "ఫైల్ మారిందా" అని మనం అనుకుంటాం గానీ నిజానికి మీకు కావాల్సిన ప్రశ్న అది కాదు. మీకు కావాల్సింది "నన్ను మొదలుపెట్టిన పాత్ దగ్గర ఇప్పుడున్న ఫైలూ, నేను నడుస్తున్న ఫైలూ ఒకటేనా" అన్నది. మొదటిది కంటెంట్ గురించి, రెండోది ఫైల్ ఐడెంటిటీ గురించి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే మాడిఫికేషన్ టైమ్ పద్ధతి తేడా కొడుతుంది.

లినక్స్‌లో అప్‌డేట్ అసలు ఎలా జరుగుతుందో చూద్దాం. ప్యాకేజ్ మేనేజర్లు డీపీకేజీ గానీ ఆర్‌పీఎం గానీ పాత ఫైల్ తెరిచి దాని మీద రాయవు. పక్కన వేరే పేరుతో కొత్త ఫైల్ పూర్తిగా రాసి, ఆఖర్న రీనేమ్ కాల్‌తో పాత పేరు మీదకి తీసుకొస్తాయి. రీనేమ్ అటామిక్, అంటే ఏ క్షణంలో చూసినా ఆ పేరుకి పాత ఫైలో కొత్త ఫైలో పూర్తిగా ఉంటుంది తప్ప సగం సగం ఉండదు. పేరు అనేది డైరెక్టరీలో ఉండే ఒక ఎంట్రీ మాత్రమే, అది ఒక ఐనోడ్‌ని చూపిస్తుంది, అసలు డేటా ఆ ఐనోడ్‌ది. ఇంటి బయట నేమ్‌ప్లేట్ మార్చినంత మాత్రాన లోపలున్న మనిషి మారడు కదా, ఇదీ అంతే. పేరు కొత్త ఐనోడ్‌కి మారిపోతుంది, మీ ప్రాసెస్ మాత్రం పాత ఐనోడ్‌ని మెమరీలోకి మ్యాప్ చేసుకుని ఉంది కాబట్టి కెర్నల్ దాన్ని తీసేయదు, మీ ప్రాసెస్ చచ్చేవరకు ఆ డిస్క్ స్థలం కూడా ఖాళీ అవ్వదు.

మరి పాత ఫైల్ మీదే నేరుగా రాస్తే? నడుస్తున్న ఎగ్జిక్యూటబుల్‌ని రాయడానికి తెరిస్తే కెర్నల్ "టెక్స్ట్ ఫైల్ బిజీ" అని ఎర్రర్ ఇస్తుంది. మామూలు కాపీ కమాండ్‌తో నడుస్తున్న బైనరీ మీద కాపీ చేయబోతే వచ్చేది ఇదే. ఫోర్స్ ఆప్షన్ ఇస్తే కాపీ కమాండ్ పాతదాన్ని అన్‌లింక్ చేసి కొత్తది సృష్టిస్తుంది, అప్పుడు మళ్ళీ కొత్త ఐనోడే. 2024లో కెర్నల్ 6.11లో ఈ రక్షణ తీసేసి చూశారు, కొన్ని నెలలకే ఆ మార్పుని వెనక్కి తీసుకున్నారు, కాబట్టి దీని మీద నమ్మకం పెట్టుకోవచ్చు గానీ ఒక హద్దుంది. ఈ రక్షణ మెయిన్ ఎగ్జిక్యూటబుల్‌కి మాత్రమే, షేర్డ్ లైబ్రరీలకి లేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ వాడుతున్న లైబ్రరీ మీద ఎవరైనా నేరుగా కాపీ కొడితే ముందు ఫైల్ సైజు సున్నా అవుతుంది, ఆ క్షణంలో మీ ప్రాసెస్ ఆ పేజీ ముట్టుకుంటే సిగ్‌బస్ అనే సిగ్నల్ వచ్చి చచ్చిపోతుంది. సైజు తగ్గకపోయినా, పేజీలు అవసరాన్ని బట్టి ఫైల్ నుంచే వస్తాయి కాబట్టి పాత కోడ్ కొంత కొత్త కోడ్ కొంత కలిసిపోయి ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. డెప్లాయ్ స్క్రిప్ట్‌లో లైబ్రరీ మీద కాపీ కమాండ్ కనిపిస్తే వెంటనే తీసేసి, పక్కన రాసి రీనేమ్ చేసేలా మార్చండి. ఎంత బాగా డిటెక్ట్ చేసే కోడ్ రాసినా ఈ తప్పు ముందు పనికిరాదు, ఎందుకంటే డిటెక్ట్ చేయాల్సిన ప్రాసెసే బతికి ఉండదు.

ఇప్పుడు అసలు చెక్. లినక్స్‌లో /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జి అని ఒక లింక్ ఉంటుంది, చూడ్డానికి మామూలు సిమ్‌లింక్‌లా (ఇంకో పాత్‌ని చూపించే షార్ట్‌కట్‌లా) కనిపిస్తుంది గానీ కాదు. దాన్ని స్టాట్ చేస్తే, అంటే ఫైల్ వివరాలు అడిగితే, పేరుతో సంబంధం లేకుండా మీరు నడుస్తున్న అసలు ఐనోడ్ వివరాలే వస్తాయి, ఆ ఫైల్ డిలీట్ అయిపోయినా సరే. కాబట్టి చేయాల్సింది రెండు స్టాట్ కాల్స్, ఒకటి ఈ లింక్ మీద, ఇంకోటి మీరు స్టార్ట్ అయినప్పుడు గుర్తుపెట్టుకున్న పాత్ మీద, రెండిట్లోనూ డివైస్ నంబరూ ఐనోడ్ నంబరూ పోల్చండి. రెండూ కలిస్తే అదే ఫైల్. ఏ ఒక్కటి తేడా ఉన్నా మీ పాత్ దగ్గర వేరే ఫైల్ కూర్చుంది. రెండో స్టాట్‌లో ఫైలే లేదని వస్తే అన్‌ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు, లేదా అన్‌లింక్‌కీ కొత్త ఫైల్ సృష్టించడానికీ మధ్య సందులో మీరు చూసి ఉండొచ్చు, అప్పుడు కంగారు పడకుండా కాసేపాగి మళ్ళీ చూడాలి.

ఐనోడ్ నంబర్లు మళ్ళీ వాడుకుంటారు కదా, పాత నంబరే కొత్త ఫైల్‌కి వస్తే అని కొంతమంది అడుగుతారు. మంచి ప్రశ్నే, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో అలా వెంటనే తిరిగి వాడటం మామూలే. కానీ మీ ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ పాత ఐనోడ్ వాడకంలోనే ఉంటుంది, వాడకంలో ఉన్న నంబర్ అదే ఫైల్‌సిస్టమ్‌లో ఇంకో ఫైల్‌కి ఇవ్వరు. అందుకే బతికున్న ఐనోడ్‌తో పోల్చడం భద్రం. అదే మీరు నంబర్ ఒక వేరియబుల్‌లో దాచుకుని, ఆ ఫైల్‌ని ఎవరూ పట్టుకుని లేకపోతే, ఉదాహరణకి పైథాన్ స్క్రిప్ట్ విషయంలో చదవగానే ఫైల్ క్లోజ్ అయిపోతుంది, అక్కడ నంబర్ తిరిగి వచ్చే ప్రమాదం నిజంగానే ఉంది. అలాంటి చోట ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి కెర్నల్ ఇచ్చే నంబర్) ఒకటి ఊరికే తెరిచి పట్టుకుని ఉంచండి, అది చాలు.

చాలామంది చేసే ఇంకో పద్ధతి ఏంటంటే ఆ లింక్‌ని రీడ్‌లింక్ చేసి, అంటే అది చూపించే పాత్ చదివి, చివర్లో బ్రాకెట్లలో "డిలీటెడ్" అనే ఇంగ్లీష్ ముక్క వచ్చిందా అని చూడటం. అప్‌డేట్ రీనేమ్‌తో జరిగితే అది వస్తుంది, నిజమే. కానీ ఎవరైనా ముందు పాత బైనరీని "యాప్.ఓల్డ్" అని పేరు మార్చి, తర్వాత కొత్తది అసలు పేరుతో పెట్టారనుకోండి, అప్పుడు రీడ్‌లింక్ మీకు "యాప్.ఓల్డ్" అన్న కొత్త పేరు చూపిస్తుంది, డిలీటెడ్ అని ఏమీ రాదు, ఎందుకంటే ఆ ఫైల్ డిలీట్ అవ్వలేదు, పేరు మారిందంతే. మీ కోడ్ అంతా బాగానే ఉందనుకుంటుంది. పైగా ఫైల్ పేరే ఆ ముక్కతో ముగిసేలా పెట్టుకోడానికి అడ్డేం లేదు. ఆ స్ట్రింగ్ మనుషులు చదువుకోడానికి బాగుంటుంది, కోడ్‌లో నిర్ణయం తీసుకోడానికి కాదు. గో భాషలో ఎగ్జిక్యూటబుల్ పాత్ ఇచ్చే ఫంక్షన్ లినక్స్‌లో ఆ ముక్కని కత్తిరించి ఇస్తుంది, రస్ట్‌లో అలాగే వచ్చేస్తుంది, కాబట్టి ఏ లైబ్రరీ ఏం చేస్తుందో కూడా చూసుకోవాలి.

పాత్ గుర్తుపెట్టుకోవడం అన్నాను కదా, అక్కడే అన్నిటికన్నా ఎక్కువ మంది పడే గుంట ఉంది. డెప్లాయ్‌మెంట్ సిమ్‌లింక్‌తో జరుగుతుంటే, అంటే రిలీజెస్ అనే ఫోల్డర్ కింద ఒక్కో వెర్షన్‌కి ఒక్కో డైరెక్టరీ ఉండి, కరెంట్ అనే సిమ్‌లింక్ వాటిలో ఒకదాన్ని చూపిస్తూ ఉంటే, కొత్త రిలీజ్ వచ్చినప్పుడు పాత ఫైల్‌ని ఎవరూ ముట్టుకోరు, సిమ్‌లింక్ మాత్రమే తిరుగుతుంది. మీరు రీడ్‌లింక్‌తో తెచ్చుకున్న పాత్ అప్పటికే సిమ్‌లింకులన్నీ విప్పేసిన అసలు పాత్, అది పాత రిలీజ్ డైరెక్టరీలోది, అక్కడ ఎన్నేళ్ళు చూసినా అదే ఫైల్ ఉంటుంది! మీ చెక్ ఎప్పటికీ "మారలేదు" అనే చెప్తుంది. మీకు కావాల్సింది మిమ్మల్ని ఏ పాత్‌తో ఎగ్జెక్ చేశారో, అంటే నడిపించారో, ఆ పాత్, విప్పకుండా. లినక్స్‌లో అది ఆగ్జిలరీ వెక్టర్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కెర్నల్ అందించే సమాచారంలో) దొరుకుతుంది, గెట్‌ఆక్స్‌వాల్ ఫంక్షన్‌కి ఎగ్జెక్-ఎఫ్‌ఎన్ కాన్‌స్టంట్ ఇస్తే వస్తుంది. అది రిలేటివ్ పాత్ అయితే మెయిన్ మొదట్లోనే, డైరెక్టరీ మారకముందే, కరెంట్ డైరెక్టరీతో కలిపి పూర్తి పాత్ చేసి దాచుకోండి, కానీ సిమ్‌లింకులన్నీ విప్పేసే రియల్‌పాత్ మాత్రం పిలవొద్దు. దాన్ని పిలిచారంటే సిమ్‌లింక్ సమాచారం మళ్ళీ పోతుంది. ఇంకా సింపుల్‌గా కావాలంటే సర్వీస్ ఫైల్‌లో ఎగ్జెక్‌స్టార్ట్‌లో రాసిన పాత్‌నే ఒక ఆప్షన్‌గా ప్రోగ్రామ్‌కి ఇచ్చేయండి, నాకైతే ఇదే నచ్చుతుంది, ఊహించాల్సింది ఏమీ ఉండదు. మీ డీమన్ మధ్యలో క్రూట్‌లోకి (ఒక డైరెక్టరీ బయట ఏదీ కనపడని స్థితిలోకి) వెళ్ళిపోయేదైతే తర్వాత పాత పాతూ కనపడదు /ప్రాక్ కూడా కనపడకపోవచ్చు, అందుకని ముందే ఆ డైరెక్టరీకి ఒక డిస్క్రిప్టర్ తెరిచి ఉంచుకుని దాని మీద నుంచి స్టాట్ చేయాలి.

మాడిఫికేషన్ టైమ్ మీకెందుకు పనిచేయలేదో ఇప్పుడు చెప్తాను. ప్యాకేజ్ మేనేజర్ ఫైల్ పెట్టినప్పుడు టైమ్ ఇన్‌స్టాల్ చేసిన క్షణానిది కాదు, ప్యాకేజ్ లోపల రాసి ఉన్నదే వేస్తుంది. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్తే కొత్తగా వచ్చిన ఫైల్ టైమ్ వెనకటిది అవుతుంది, మీరు "ఎక్కువ ఉంటే" అని పోలుస్తున్నారు కాబట్టి తప్పిపోయింది. రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్‌లో (ఎప్పుడు బిల్డ్ చేసినా ఒకే ఫైల్ వచ్చేలా చేసేవాటిలో) టైమ్‌ని కావాలనే ఒక స్థిరమైన విలువకి కుదిస్తారు, నిక్స్ ప్యాకేజ్ మేనేజర్‌లో అయితే స్టోర్‌లో ఉన్న ప్రతి ఫైల్‌కీ 1970 జనవరి 1, అర్ధరాత్రి దాటిన ఒక్క సెకను అన్న టైమే ఉంటుంది. ఇంకోవైపు ఎవరో ఊరికే టచ్ కొట్టినా, బ్యాకప్ నుంచి అదే ఫైల్ తిరిగి పెట్టినా టైమ్ మారొచ్చు, మీ ఊరికే రీస్టార్ట్‌లు బహుశా అక్కడివే. టైమ్ వాడాల్సి వస్తే కనీసం "ఎక్కువ" అని కాకుండా "సమానం కాదు" అని పోల్చండి, సైజు కూడా కలపండి. ఛేంజ్ టైమ్, అంటే సీటైమ్, దాన్ని యూజర్ ప్రోగ్రామ్ తనకి నచ్చినట్టు సెట్ చేయలేదు కాబట్టి కొంచెం నయం, కానీ పర్మిషన్ మార్చినా హార్డ్‌లింక్ పెట్టినా అది కదులుతుంది. పైథాన్ కంపైల్డ్ ఫైళ్ళు కూడా డిఫాల్ట్‌గా సోర్స్ మాడిఫికేషన్ టైమూ సైజూ చూసే పాతబడ్డాయా అని తేల్చుకుంటాయి, టైమ్ స్థిరంగా ఉండే చోట అది ఇబ్బంది కాబట్టే 3.7 వెర్షన్‌లో హ్యాష్ ఆధారంగా చూసే పద్ధతి కూడా చేర్చారు.

ఐనోడ్ మారింది గానీ కంటెంట్ అదే అయితే, అంటే అదే వెర్షన్ రీఇన్‌స్టాల్ చేస్తే, అప్పుడు రీస్టార్ట్ అక్కర్లేదు కదా అంటే అవును. దానికి బిల్డ్ ఐడీ ఉంది. లింకర్ ఎల్ఫ్ ఫైల్‌లో (లినక్స్ ఎగ్జిక్యూటబుల్ ఫార్మాట్ ఇదే) ఒక నోట్ సెక్షన్‌లో బిల్డ్ ఐడీ రాస్తుంది, సాధారణంగా 20 బైట్ల షా-1 హ్యాష్. మీ మెమరీలో ఉన్న ఐడీ, డిస్క్ మీద కొత్త ఫైల్‌లో ఉన్న ఐడీ పోల్చండి, వేరైతేనే నిజమైన మార్పు. మొత్తం ఫైల్ హ్యాష్ చేయడం కన్నా ఇది చాలా తేలిక. ముందు ఐనోడ్ చూసి, అది మారినప్పుడే బిల్డ్ ఐడీ చదవండి, అప్పుడు మామూలు రోజుల్లో ఖర్చు రెండు స్టాట్ కాల్సే. డిస్క్ మీద ఫైల్ హ్యాష్‌ని మెమరీలో ఉన్న కోడ్ హ్యాష్‌తో పోలుద్దామని మాత్రం చూడకండి, రీలొకేషన్లు, డీబగ్గర్ పెట్టే బ్రేక్‌పాయింట్లు వీటివల్ల అవి బైట్‌కి బైట్ కలవకపోవచ్చు.

నిమిషానికోసారి చూడటం బదులు ఐనోటిఫై (ఫైళ్ళు మారినప్పుడు ప్రోగ్రామ్‌కి కబురిచ్చే కెర్నల్ సదుపాయం) వాడొచ్చా? వాడొచ్చు, 2005లో 2.6.13 కెర్నల్ నుంచి ఉంది. అయితే అది పేరుని కాదు, ఐనోడ్‌ని చూస్తుంది. మీ బైనరీ మీదే వాచ్ పెడితే మీరు చూస్తున్నది పాత ఐనోడ్‌ని, కొత్త ఫైల్ వచ్చిన సంగతి దానికి తెలియదు. డిలీట్-సెల్ఫ్ ఈవెంట్ వస్తుంది కదా అనుకుంటారు, రాదు! ఆ ఈవెంట్ ఐనోడ్ నిజంగా పోయినప్పుడే వస్తుంది, మీరు నడుస్తున్నంతసేపూ ఆ ఐనోడ్ పోదు, కాబట్టి ఆ ఈవెంట్ కోసం ఎదురుచూస్తే మీరు చనిపోయేదాకా ఎదురుచూస్తూనే ఉంటారు. లింక్ కౌంట్ తగ్గుతుంది కాబట్టి అట్రిబ్ ఈవెంట్ మాత్రం వస్తుంది, ఇది చాలా డాక్యుమెంట్లు సరిగ్గా నొక్కి చెప్పవు. సరైన దారి డైరెక్టరీ మీద వాచ్ పెట్టి మూవ్డ్-టు, క్లోజ్-రైట్ ఈవెంట్లు వినడం, అందులో మీ ఫైల్ పేరు వస్తే పైన చెప్పిన ఐనోడ్ పోలిక చేయడం. ఈవెంట్ వచ్చిందంటే చూడమని గుర్తుచేసినట్టు మాత్రమే, నిర్ణయం ఎప్పుడూ స్టాట్‌దే. నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వేరే మెషిన్ చేసిన మార్పులకి ఐనోటిఫై ఈవెంట్లు రావు, క్యూ నిండిపోతే ఓవర్‌ఫ్లో ఈవెంట్ ఒక్కటి ఇచ్చి మిగతావి వదిలేస్తుంది, సిమ్‌లింక్ డెప్లాయ్ అయితే సిమ్‌లింక్ ఉన్న డైరెక్టరీ మీద కూడా వాచ్ కావాలి. ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఏంటంటే మీలాంటి డీమన్‌కి నిమిషానికోసారి రెండు స్టాట్ కాల్స్ చాలు, పోలింగ్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. సెకన్లలో స్పందించాల్సిన డెవలప్‌మెంట్ టూల్‌కి ఐనోటిఫై బాగుంటుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో డెవలప్‌మెంట్ సర్వర్ కూడా డిఫాల్ట్‌గా సెకనుకోసారి ఫైల్ టైమ్‌లు చూస్తూనే పనిచేస్తుంది.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన ముఖ్యమైన విషయం, లైబ్రరీలు. మీ బైనరీ మారకపోయినా ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మారితే మీరు పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తోనే నడుస్తున్నట్టు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు ప్యాకేజ్ అప్‌డేట్ చేస్తే సరిపోదు, దాన్ని వాడే ప్రతి సర్వీసూ రీస్టార్ట్ చేయాలి అని అందరూ పదే పదే చెప్పాల్సి వచ్చింది ఇందుకే. దీనికి /ప్రాక్/సెల్ఫ్/మ్యాప్స్ (మెమరీలో ఏ ఫైళ్ళు మ్యాప్ అయి ఉన్నాయో చెప్పే జాబితా) చదివి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉన్న మ్యాపింగుల్లో డిలీటెడ్ అని ఉన్నవి చూడొచ్చు, నీడ్‌రీస్టార్ట్, చెక్‌రీస్టార్ట్ లాంటి టూల్స్ బయట నుంచి దాదాపు ఈ పనే చేస్తాయి. ఇక్కడ స్ట్రింగ్ మీద ఆధారపడక తప్పట్లేదు, ఎందుకంటే మ్యాప్స్‌లో కనిపించే డివైస్ నంబర్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లో స్టాట్ ఇచ్చేదానితో కలవదు. జిట్ కంపైలర్లూ (నడుస్తూనే కోడ్ తయారుచేసేవి), మెమ్‌ఎఫ్‌డీ (మెమరీలోనే ఉండే ఫైల్) వాడే లైబ్రరీలూ కూడా డిలీటెడ్ అని కనిపిస్తాయి కాబట్టి నిజమైన లైబ్రరీ డైరెక్టరీల్లో ఉన్న పాత్‌లని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. నిజం చెప్పాలంటే ఈ భాగం ప్రోగ్రామ్ లోపల రాయడం కన్నా నీడ్‌రీస్టార్ట్‌కి వదిలేయడమే మంచిది.

మారిందని తెలిశాక ఏం చేయాలి అన్నది డిటెక్ట్ చేయడం కన్నా కష్టం. తెలిసిన క్షణానే ఎగ్జిట్ అవ్వకండి. ప్యాకేజ్‌లో మీ బైనరీ ఒక్కటే ఉండదు, ప్లగిన్లు, డేటా ఫైళ్ళు, కాన్ఫిగ్ ఉంటాయి, బైనరీ మారిన క్షణానికి మిగతావి ఇంకా పాతవే అయ్యుండొచ్చు. ఒక ఫ్లాగ్ సెట్ చేసి, కాసేపు ఇంకేమీ మారలేదని చూసుకుని, చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తిచేసి, అప్పుడు దిగండి. ఎగ్జిట్ అవ్వకుండా మీరే కొత్త బైనరీని ఎగ్జెక్ చేసుకుంటే, అంటే అదే ప్రాసెస్‌లోకి ఎక్కించుకుంటే, పీఐడీ (ప్రాసెస్ నంబర్) అదే ఉంటుంది, క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (ఎగ్జెక్ అవ్వగానే మూసేయమనే ఫ్లాగ్) లేని లిజనింగ్ సాకెట్లు కొత్తదానికి అందుతాయి, కనెక్షన్లు తెగవు. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్ ఇంకోలా చేస్తుంది, యూజర్-2 సిగ్నల్ పంపితే కొత్త మాస్టర్‌ని పక్కన లేపి పాత పీఐడీ ఫైల్‌కి చివర ఓల్డ్‌బిన్ అని తగిలిస్తుంది, కొత్తది బాగుందనిపిస్తేనే పాతదాన్ని ఆపుతారు. కొత్త బైనరీ చెడ్డదైతే వెనక్కి రావడానికి దారి ఉండటం నాకు చాలా నచ్చే విషయం, మీరు ఎగ్జెక్ పద్ధతి తీసుకుంటే కనీసం కొత్త బైనరీని ఒకసారి వెర్షన్ ఆప్షన్‌తోనో కాన్ఫిగ్ టెస్ట్ ఆప్షన్‌తోనో నడిపి చూసి అప్పుడు ఎగ్జెక్ చేయండి.

ఇక్కడో ముఖ్యమైన జాగ్రత్త, ఎగ్జెక్ చేసేటప్పుడు /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జి ఇవ్వకండి, అది పాత ఐనోడ్, మళ్ళీ పాత ప్రోగ్రామే లేస్తుంది, లేచి మళ్ళీ "మారింది" అని చూసి మళ్ళీ ఎగ్జెక్ చేసుకుని అలా తిరుగుతూనే ఉంటుంది. దాచుకున్న పాత్‌నే ఇవ్వాలి. అదే లక్షణం ఇంకో చోట మాత్రం ఉపయోగపడుతుంది. మీ ప్రోగ్రామ్ తన కాపీలనే చైల్డ్ ప్రాసెస్‌లుగా లేపేదైతే, పేరెంట్ పాత వెర్షన్, చైల్డ్ కొత్త వెర్షన్ అయి వాటి మధ్య మెసేజ్ ఫార్మాట్ కలవక ఆగిపోవడం పెద్ద సమస్య. ఫైర్‌ఫాక్స్‌ని ప్యాకేజ్ మేనేజర్ వెనక నుంచి అప్‌డేట్ చేస్తే కొత్త ట్యాబ్‌లో రీస్టార్ట్ చేయమని పేజీ వచ్చేది ఇందుకే, పేరెంట్ బిల్డ్ ఐడీ చైల్డ్ బిల్డ్ ఐడీ కలవలేదన్నమాట. లినక్స్ మీద క్రోమియం మొదట్లోనే జైగోట్ అని ఒక ప్రాసెస్ లేపి, తర్వాతి రెండరర్లని (పేజీలు చూపించే ప్రాసెస్‌లని) దాన్నుంచి ఫోర్క్ చేస్తుంది, అంటే దాని కాపీలుగా లేపుతుంది, డిస్క్ మీద బైనరీ మారినా పట్టింపు ఉండదు. రిమోట్ లాగిన్‌కి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో సర్వర్‌ని రెండు బైనరీలుగా విడగొట్టినప్పుడు, పాత డీమన్ ప్రతి కనెక్షన్‌కీ డిస్క్ మీదున్న బైనరీని మళ్ళీ ఎగ్జెక్ చేసే రకం కాబట్టి, అప్‌గ్రేడ్ చేసి రీస్టార్ట్ చేయని మెషిన్లలో కొత్త లాగిన్లు ఆగిపోయాయి. ఆర్చ్ లినక్స్ వాళ్ళు 2024 జూలైలో రీస్టార్ట్ చేయమని ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చారు. రిమోట్ సర్వర్‌లో అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. మీకూ చైల్డ్‌లు ఉంటే /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జి నుంచి ఎగ్జెక్ చేయండి, పేరెంట్ ఏ వెర్షనో చైల్డ్ కూడా అదే వెర్షన్ అవుతుంది.

ఇంటర్‌ప్రెటెడ్ వాటి సంగతి వేరు. బ్యాష్ స్క్రిప్ట్‌ని మొత్తం ముందే చదవదు, నడుస్తూ ముక్క ముక్కగా చదువుతుంది, మధ్యలో మీరు అదే ఫైల్‌లో పైన ఒక లైన్ చేరిస్తే ఆఫ్‌సెట్ జరిగి ఏదో కమాండ్ మధ్యలోంచి చదవడం మొదలుపెడుతుంది, అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. పొడవుగా నడిచే స్క్రిప్ట్ అంతా ఒక మెయిన్ ఫంక్షన్‌లో పెట్టి, ఆఖరి లైన్‌లోనే దాన్ని పిలిచి అక్కడే ఎగ్జిట్ రాస్తే ఈ గొడవ పోతుంది. పైథాన్‌లో ఇంపోర్ట్ అయిపోయిన మాడ్యూల్స్ పాతవే ఉంటాయి గానీ ఫంక్షన్ లోపల చేసే ఆలస్యపు ఇంపోర్ట్‌లు అప్‌గ్రేడ్ తర్వాత కొత్త ఫైల్ తెస్తాయి, పాతా కొత్తా కలుస్తాయి. జావాలో జార్ (క్లాసులన్నీ ఉండే ఆర్కైవ్ ఫైల్) మీద నేరుగా రాస్తే జేవీఎం దగ్గరున్న పాత ఇండెక్స్‌కీ కొత్త ఫైల్‌కీ పొంతన ఉండదు, అప్పటిదాకా లోడ్ అవ్వని క్లాస్ అడిగినప్పుడు క్లాస్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, జార్ తెరిచి చూస్తే ఆ క్లాస్ శుభ్రంగా ఉంటుంది.

విండోస్‌లో కథ తిరగేసి ఉంటుంది. నడుస్తున్న ఎగ్జి మీద రాయనివ్వదు, డిలీట్ చేయనివ్వదు, కానీ అదే డ్రైవ్‌లో రీనేమ్ చేయనిస్తుంది. అందుకే అప్‌డేటర్లు పాతదాన్ని పక్కకి రీనేమ్ చేసి కొత్తది ఆ పేరుతో పెడతాయి, పాతదాన్ని తర్వాతెప్పుడో లేదా రీబూట్‌లో తీసేస్తాయి. క్రోమ్ అయితే బ్రౌజర్ నడుస్తుంటే కొత్త ఎగ్జిని న్యూ-క్రోమ్ అన్న పేరుతో పక్కన పెట్టి తర్వాత పేరు మారుస్తుంది. మాడ్యూల్ ఫైల్‌నేమ్ ఇచ్చే ఫంక్షన్ లోడ్ అయినప్పటి పాతే ఇస్తుంది, రీనేమ్ సంగతి దానికి పట్టదు, మన పనికి అదే మంచిది. స్టార్ట్ అవ్వగానే ఆ పాత్‌కి ఒక హ్యాండిల్ తెరిచి పట్టుకోండి, తర్వాత అదే పాత్ మళ్ళీ తెరిచి రెండిటి వాల్యూమ్ సీరియల్ నంబరూ ఫైల్ ఇండెక్సూ పోల్చండి. తెరిచేటప్పుడు షేర్-డిలీట్ ఫ్లాగ్ తప్పకుండా ఇవ్వాలి, లేకపోతే మీ హ్యాండిల్ వల్లే అప్‌డేటర్ రీనేమ్ ఫెయిల్ అవుతుంది. క్రియేషన్ టైమ్ చూసి తేల్చుకుందామని మాత్రం అనుకోకండి, విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో టనలింగ్ అని ఉంది, ఒక పేరు పోయి డిఫాల్ట్‌గా 15 సెకన్ల లోపు అదే పేరుతో కొత్త ఫైల్ వస్తే పాత క్రియేషన్ టైమ్‌నే దానికి అంటగడుతుంది, అప్‌డేటర్ చేసేది సరిగ్గా అదే కదా. మ్యాక్‌లో ఐనోడ్ పోలికే పనిచేస్తుంది, కానీ సైన్ చేసిన బైనరీ మీద అదే ఐనోడ్‌లో రాస్తే కెర్నల్ దాచుకున్న సిగ్నేచర్ కలవక ప్రాసెస్‌ని చంపేస్తుంది, అక్కడా కొత్త ఫైల్ రాసి రీనేమ్ చేయడమే దారి.

ఇదంతా సెక్యూరిటీ కోసం అనుకోవద్దు. మీ ఫైల్ మార్చగలిగినవాడు అందులో ఉన్న చెక్‌ని కూడా మార్చగలడు, తనని తాను చెక్ చేసుకునే ప్రోగ్రామ్ పొరపాటున జరిగిన మార్పుల్ని పట్టుకుంటుంది గానీ శత్రువుని కాదు. దానికి కెర్నల్ వైపు నుంచే కాపలా ఉండాలి, 5.4 కెర్నల్‌లో వచ్చిన ఎఫ్‌ఎస్-వెరిటీ ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసి చదివే ప్రతి బ్లాక్‌నీ మెర్కల్ ట్రీతో (బ్లాక్‌ల హ్యాష్‌ల చెట్టుతో) సరిచూస్తుంది. 2019లో కంటైనర్లని నడిపే రన్‌సీలో బయటపడిన సీవీఈ-2019-5736 అనే లోపం చూడండి, కంటైనర్ లోపలి ప్రోగ్రామ్ /ప్రాక్/సెల్ఫ్/ఎగ్జి ద్వారా హోస్ట్ మీది రన్‌సీ బైనరీని పట్టుకుని, అది నడవడం ఆగి బిజీ ఎర్రర్ పోయేదాకా ప్రయత్నిస్తూ ఉండి దాని మీద రాసేసేది. దానికి మొదట వచ్చిన పరిష్కారం రన్‌సీ తనని తాను సీల్ చేసిన మెమ్‌ఎఫ్‌డీలోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడవడం. మీ డీమన్ రూట్‌గా నడుస్తుంటే కొత్త బైనరీ ఎగ్జెక్ చేసే ముందు ఆ ఫైలూ దాని పైన ఉన్న ప్రతి డైరెక్టరీ రూట్ తప్ప ఇంకెవరూ రాయలేనివిగా ఉన్నాయా అని తప్పకుండా చూడండి.

మీ పరిస్థితికి నేనైతే ప్యాకేజ్ పోస్ట్-ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లోనే సర్వీస్ రీస్టార్ట్ పెట్టి, అది ఎక్కడైనా తప్పిపోతే పట్టుకోడానికి ఈ ఐనోడ్ చెక్ వెనక ఉంచుతాను. రాశాక టెస్ట్ చేసేటప్పుడు ఒక్క రీనేమ్‌తో ఆపకండి. కొత్త ఫైల్‌ని పాత పేరు మీదకి మూవ్ చేసి చూడండి, ఫోర్స్ ఆప్షన్‌తో కాపీ చేసి చూడండి, పాతదాన్ని పక్కకి పేరు మార్చి కొత్తది పెట్టి చూడండి, సిమ్‌లింక్ తిప్పి చూడండి, తర్వాత ఊరికే టచ్ కొట్టి ఒకసారి, అదే వెర్షన్ రీఇన్‌స్టాల్ చేసి ఒకసారి చూడండి. మొదటి నాలుగింటికీ డీమన్ కదలాలి, ఆఖరి రెండిటికీ కదలకూడదు.